సగంలో ఆగిన గడియ

“నేనే ఇచ్చానండి. పొరపాటున ఎక్కువ లాగేసుంటాను,” అంది గ్రేస్.

ఈ మాట ఆమె నాతో అనడం మూడోసారి. భీమడోలు పోలీస్ స్టేషన్ వెనక గదిలో బల్ల మీద కూర్చుంది. మొదటిసారి ఏడుస్తూ అంది, రెండోసారి నెమ్మదిగా అంది. ఇప్పుడు నమ్మకంగా అంటోంది. నాకు భయం వేసింది అందుకే. ఇంకో గంట ఆ గదిలో ఉంటే ఎస్సై చంద్రశేఖర్ గారికి ఏం కావాలో అదే రాసి సంతకం పెట్టేస్తుంది.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. గ్రేస్ మేనత్త రూతమ్మ కువైట్‌లో నర్సుగా చేసి వచ్చిన మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. కొల్లేరు ఒడ్డున నత్తలంకలో ఉంటుంది. ఆమెకి సుగర్ ఉంది. తోడుగా ఉంటూ రోజూ సాయంత్రం ఇన్సులిన్ చేసేది గ్రేస్. మొన్న శనివారం కూడా అయిదింటికి ఇంజెక్షన్ చేసి, తినడానికి పెట్టి, అయిదున్నరకి చర్చిలో క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి వెళ్ళింది. ఎనిమిదింటికి తిరిగొచ్చేసరికి రూతమ్మ మంచం మీద స్పృహ లేకుండా పడి ఉంది. ఇప్పుడు ఏలూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉంది. రెండు రోజులుగా గ్లూకోజ్ ఎక్కిస్తూనే ఉన్నారు, సుగర్ పైకి రావడం లేదు.

అంత మందు పడిందంటే తెలిసి చేసినట్టే అని ఎస్సై లెక్క. దానికి తోడు శుక్రవారం అత్తా మేనకోడళ్ళు గొడవపడటం పక్కింటివాళ్ళు విన్నారు. గ్రేస్‌కి కామవరపుకోటలో టీచరు ఉద్యోగం వచ్చింది, రూతమ్మ వద్దంది. అంతే గొడవ. రేపు క్రిస్మస్, కోర్టుకి సెలవు. అందుకని ఈరోజు సాయంత్రం ఏడింటికల్లా గ్రేస్‌ని ఏలూరులో మేజిస్ట్రేట్ గారింటికే తీసుకెళ్ళి రిమాండ్ అడగబోతున్నాడు. అప్పటికి నాలుగు దాటింది.

నన్ను ఈ కేసులోకి దింపింది గ్రేస్ తండ్రి సుందరరావు గారు, ఉంగుటూరు హైస్కూల్లో లెక్కల మాష్టారు. నా పేరు హెప్సిబా. బి.టెక్ ఎలక్ట్రికల్. ఏలూరు పవర్‌పేటలో జిరాక్స్ షాపు పైగదిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. హైదరాబాద్ వెళ్ళి సాఫ్ట్‌వేర్‌లో ఎందుకు చేరలేదని మా బంధువులు ఇప్పటికీ దర్యాప్తు చేస్తున్నారు. ఆ కేసు ఇంకా క్లోజ్ కాలేదు.

“ఎక్కువ లాగినట్టు గుర్తుందా, అయి ఉంటుందని అనుకుంటున్నావా?” అని అడిగాను.

గుర్తు లేదంది. కానీ తను తప్ప అత్త ఒంటి మీద సూది పెట్టేవాళ్ళు ఎవరూ లేరు కదా అంది. ఎస్సై గారు కూడా అదే అడిగారట.

ఇంట్లోకి రాగానే ఏం చూశావు, ఏం విన్నావు, ఏం వాసన వచ్చింది, ఒక్కటీ వదలకుండా చెప్పమన్నాను. లైటు వెలుగుతోంది. అత్త చెప్పులు మంచం కింద ఉన్నాయి. తనతో పాటు పాటల గుంపులోని ఇద్దరమ్మాయిలు వచ్చారు.

“వంటింట్లో ఓవెన్ కీచుకీచుమని అరుస్తోందండి,” అంది చివరికి. “ముందు అదే విన్నాం. అత్తని చూశాక ఇంక దాని సంగతి పట్టించుకోలేదు.”

ఆ ఓవెన్ గురించి నేను అంతకుముందే విన్నాను. రూతమ్మ కువైట్ నుంచి చెక్కపెట్టెలో ఓడ మీద తెప్పించుకుంది. నత్తలంకలో క్రిస్మస్ కేకులన్నీ అందులోనే తయారవుతాయి. ఎవరింట్లో వాళ్ళు పిండి కలుపుకుని, గిన్నె అడుగున మేకుతో తమ గుర్తు గీసుకుని, వరసలో వచ్చి కూర్చుంటారు. శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా ఆ పని అంతా అయిపోయింది.

“అయిపోతే సాయంత్రం ఎందుకు ఆన్‌లో ఉంది?”

“అదే నాకూ తెలీదండి. మాతో వచ్చినమ్మాయి ఒకతి ఆపబోతే దాని తలుపు కూడా రాలేదు. క్లీన్ బటన్ నొక్కితేనే అలా తాళం పడుద్ది. అది నొక్కితే లోపల అంటుకున్నదంతా మాడి పిడికెడు బూడిదయిపోద్దండి. పండగయ్యాక పెడతానంది అత్త. నేనైతే దాని జోలికే వెళ్ళను.”

“ఎస్సై గారికి చెప్పావా?”

“చెప్పానండి. నవ్వారు.”

*

నేను చెప్పినా ఎస్సై నవ్వాడు. చంద్రశేఖర్ గారు చెడ్డవాడు కాదు. ఎమ్మెస్సీ చదివాడు, లంచం ముట్టడు, యూనిఫాం చొక్కా రోజూ ఇస్త్రీ చేయించుకుంటాడు. కానీ జూన్‌లో తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ దొంగతనంలో ఆయన పట్టుకున్న మనిషిని నేను విడిపించాను. అప్పట్నుంచి నన్ను చూస్తే ఆయన గొంతులో మర్యాద మరీ ఎక్కువైపోతుంది.

“ఏవండీ డిటెక్టివ్ గారూ, పెద్దావిడ చావుబతుకుల్లో ఉంది. మీరేమో వంటింటి సామాను రిపేరంటున్నారు.”

“తలుపు తీసి చూశారా అండి?”

తీయలేదు. అరుస్తుంటే చెవులు తూట్లు పడుతున్నాయని శనివారం రాత్రే దాని స్విచ్ కట్టేయించాడట. ఇంటికి తాళం వేసి సీలు వేయించాడు. లోపల ఏముంటుంది, ఎవరో మర్చిపోయిన కేకు ఉంటుంది, అన్నాడు.

ఆ రోజు ఇంటికి ఇంకెవరు వచ్చారని అడిగాను. కేకుల వాళ్ళు కాక ఒక్కరే వచ్చారు. రూతమ్మ మరిది రాజ్ కుమార్. తాడేపల్లిగూడెంలో మందుల షాపు ఉంది. ప్రతి శనివారం వదినకి మందులు తెచ్చిచ్చి వెళ్తాడు. ఆరోజు కూడా వచ్చి, అయిదు కాకముందే వెళ్ళిపోయాడు. అది ఆయన చెప్పడమే కాదు, ఆయన వెళ్ళడం గ్రేస్ కూడా చూసింది. అప్పటికి రూతమ్మ కులాసాగానే ఉంది. పాపం ఆ రాజ్ కుమారే రెండు రోజులుగా నిద్ర లేకుండా నర్సింగ్ హోమ్‌లో కాచుకుని ఉన్నాడని ఎస్సై చెప్పాడు.

“మరి ఆయనకీ రూతమ్మకీ ఉన్న పొలం తగువు సంగతేంటండి?” అన్నాను.

రూతమ్మ భర్తదీ రాజ్ కుమార్‌దీ ఉమ్మడి పొలం అది. రాజ్ కుమార్ చేపల చెరువు తవ్విద్దామంటాడు. రూతమ్మ తన వాటా పంచి ఇమ్మంటుంది. సంక్రాంతి వెళ్ళాక పంపకం పెట్టుకున్నారు. ఇదంతా ఎస్సైకి తెలుసు. ఊళ్ళో ఎవరింట్లో పొలం తగువు లేదో చెప్పండి అన్నాడు. అదీ నిజమే.

“ఒక్క అరగంటండి. మీ ముందే తీస్తాను. కేకు ఉంటే మీరే తినండి, నేను ఇంటికి పోతాను.”

వాచీ చూసుకున్నాడు. జీపు ఎలాగూ ఆ వైపు వెళ్ళాలన్నాడు.

*

నత్తలంకకి ఒకటే దారి, చేపల చెరువుల మధ్య గట్టు మీద నుంచి. దారి మొదట్లో వెదురు గేటు, కాపలా పాక ఉన్నాయి. ఊళ్ళోకి వెళ్ళేవాళ్ళని ఎవరూ ఆపరు. బయటికొచ్చే ప్రతి సంచీ మాత్రం విప్పి చూస్తారు, చేపలు పోతున్నాయని. పెళ్ళికూతురు బీరువా అయినా తెరవాల్సిందే. మా జీపు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

సీలు తీసి వంటింట్లోకి వెళ్ళేసరికి అయిదు అయింది. ఓవెన్ నడుమెత్తు ఉంది, నల్లద్దం తలుపు. హ్యాండిల్ పట్టుకుని లాగాను. కదల్లేదు. టార్చి వేసి చూస్తే నల్లద్దంలో నుంచి రేకు కాగితం కప్పిన ట్రే ఒకటి కనపడింది. అంతే.

“కేకు,” అన్నాడు ఎస్సై.

సంచీలోంచి మల్టీమీటర్ తీశాను. కానిస్టేబుల్ అప్పారావు దాన్ని చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. ప్లగ్ పాయింట్‌లో వోల్టేజి చూశాను. రెండొందల ఇరవై పైనే ఉంది, బాగానే ఉంది. స్విచ్ వేశాను. ఓవెన్ ఒక్కసారి కీచుమని, తెర మీద ‘ఎఫ్-9’ అని మిణుక్కుమంది. పక్క అరలో ఉన్న ఓవెన్ పుస్తకంలో దానికి అర్థం ఉంది. తలుపు తాళం పూర్తిగా పడలేదు, సరిచూడవలెను.

“ఇదిగోనండి, ఇదేదో నొక్కితే పోద్దేమో,” అంటూ అప్పారావు క్లీన్ బటన్ మీదకి వేలు పెట్టబోయాడు.

నేను అతని మణికట్టు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, అతను మొహం అదోలా పెట్టాడు.

ఎస్సైకి కోపం వచ్చింది. డ్యూటీలో ఉన్న మనిషి చెయ్యి పట్టుకుంటారేంటండి అన్నాడు. స్విచ్ కట్టేసి అప్పుడు చెప్పాను. ఈ రకం ఓవెన్‌కి ఒక పద్ధతి ఉంది. క్లీన్ నొక్కగానే ముందు చిన్న మోటారు తిరిగి తలుపుకి గడియ వేస్తుంది. గడియ పూర్తిగా పడిందని లోపలున్న బుల్లి స్విచ్ చెబితేనే వేడి మొదలవుతుంది. అది మామూలు వేడి కాదు. నాలుగొందల డిగ్రీలు దాటిపోతుంది. ప్లాస్టిక్, గుడ్డ, కాగితం ఏదీ మిగలదు. తలుపు మధ్యలో తెరుచుకుంటే ఇల్లంటుకుంటుంది కాబట్టి ఆ గడియ.

“శనివారం ఎవరో నొక్కారండి. గడియ సగంలో ఆగింది. కాబట్టి వేడి రాలేదు. ఇప్పుడు అప్పారావు గారు నొక్కితే ఈసారి గడియ పూర్తిగా పడేదేమో. మూడు గంటల తర్వాత మనం పిడికెడు బూడిద చూసేవాళ్ళం.”

ఎస్సై అప్పారావుని గుమ్మం దగ్గర నిలబడమన్నాడు.

అప్పారావు చేతే పట్టించి ఓవెన్‌ని ముందుకి జరిపాను. వెనక రేకుకి ఉన్న స్క్రూలు విప్పాను. గడియ మోటారు నా బొటనవేలంత ఉంది. మీటరు పెట్టి చూశాను, వైండింగ్ బాగుంది. బుల్లి స్విచ్ నొక్కి చూశాను, టిక్కుమంది, బాగుంది. గడియ జారే గాడిలో కేకు పిండి గానీ తుప్పు గానీ లేదు. గడియ మాత్రం సగం దారిలో నిలబడి ఉంది, బస్సు తప్పినవాడిలా. చుట్టూ ఉన్న తెల్ల దూది పొర ఎక్కడా గోధుమరంగుకి తిరగలేదు. అంటే ఆ నాలుగొందల డిగ్రీల వేడి అసలు మొదలవ్వలేదు.

ఇన్ని బాగుండటం నాకు నచ్చలేదు. చెడిపోయిన వస్తువు ఎక్కడ చెడిందో చెబుతుంది. చెడిపోకుండా ఆగిపోయిందంటే ఇంకేదో ఉంది.

ముక్కు ప్లయర్‌తో మోటారు ఇరుసు పట్టుకుని నెమ్మదిగా అర చుట్టు వెనక్కి తిప్పాను. లోపల టక్కుమని చప్పుడైంది.

తలుపు ఎస్సై గారినే తీయమన్నాను. జేబురుమాలు చేతికి చుట్టుకుని తీశాడు. రేకు కాగితం ఎత్తాడు.

కేకు కాదు.

ఖాళీ సెలైన్ బాటిల్. చుట్ట చుట్టిన ట్యూబు. దాని చివర సూది, సూది మీద ఎండిన రక్తం. రక్తం అంటిన దూది. ఒక కాగితం కవరు, అందులో ఖాళీ ఇన్సులిన్ సీసాలు మూడు.

నీరసంగా ఉందంటే సెలైన్ పెట్టించుకోవడం మా వైపు కాఫీ తాగినంత మామూలు. రోజంతా ఊరందరి కేకులు కాల్చి అలిసిపోయిన మనిషి. ఎవరో ప్రేమగా ఒక బాటిల్ పెడతానంటే చెయ్యి చాపి ఉంటుంది. పెట్టేవాడు తెలిసినవాడైతే నర్సయినా సీసాలో ఏముందో అడగదు.

*

“ఇది నా కేసుని ఇంకా గట్టి చేసింది,” అన్నాడు ఎస్సై, వస్తువులన్నీ సంచీలో వేయిస్తూ. ఇన్సులిన్ ఇంట్లోదే, ఓవెన్ ఇంట్లోదే, దాన్ని వాడటం తెలిసిందీ గ్రేసే అన్నాడు.

గ్రేస్ చర్మం కింద సూది గుచ్చగలదు గానీ నరం పట్టి సెలైన్ పెట్టడం రాదన్నాను. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసిన మేనత్త దగ్గర ఉంటోంది, నేర్చుకోలేదని మీకెలా తెలుసు అన్నాడు. గ్రేస్ మొహం గుర్తొచ్చింది. ‘నేనే ఇచ్చానండి’ అన్న ఆ నమ్మకం గుర్తొచ్చింది. నేను తీసిన తలుపే ఆ పిల్ల మీద మూసుకుంటుందేమో అనిపించింది.

“గడియ ఎందుకు ఆగిందో తెలియాలండి,” అన్నాను.

“ఆగింది. మిషను కదండీ, ఆగుద్ది.”

ఆయన చూస్తుండగానే ఖాళీ ఓవెన్ తలుపు మూసి, స్విచ్ వేసి, క్లీన్ నొక్కాను. మోటారు రివ్వుమంది. గడియ నాలుగు సెకన్లలో చివరికంటా వెళ్ళి పడింది. ఎర్ర లైటు వెలిగింది. వెంటనే క్యాన్సిల్ చేశాను. గడియ బుద్ధిగా వెనక్కొచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పడింది. ఎక్కడా లోపం లేదు. బి.టెక్‌లో ఇలాంటి ప్రాక్టికల్‌కి మాకు సున్నా వేసేవారు, ఫాల్ట్ కనిపెట్టలేదని.

ఎస్సై టోపీ పెట్టుకున్నాడు. ఇంక వెళ్దామండి, ఆరవుతోంది అన్నాడు. నేను స్క్రూలు ఏరుకుంటున్నాను.

అప్పుడు ఫ్యాను నెమ్మదించింది.

ట్యూబ్‌లైట్ రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. పక్కనున్న బల్బు నారింజ రంగుకి తిరిగింది. బయట చెరువుల మీద నుంచి మోటార్ల హోరు ఒక్కసారిగా లేచింది. నేను మీటరు ప్లగ్ పాయింట్‌లో పెట్టాను. నూట నలభై.

“ఏమైందండి ఇప్పుడు?” అన్నాను.

“త్రీఫేజ్ ఇచ్చారు,” అన్నాడు ఎస్సై, ఇదీ తెలీదా అన్నట్టు. “చెరువులకీ పొలాలకీ కరెంటు వంతులండి. త్రీఫేజ్ రాగానే అందరూ ఒకేసారి మోటార్లు వేస్తారు. వోల్టేజి చచ్చిపోద్ది.”

“రోజూ ఈ టైముకేనా?”

“మొన్నటిదాకా తెల్లవారుజామున వచ్చేది. వంతు మారింది. శనివారం నుంచి సాయంత్రం ఆరు...”

ఆయన ఆ మాట పూర్తి చేయలేదు. తెలివైనవాడే.

నేను క్లీన్ నొక్కాను. మోటారు రివ్వుమనలేదు, మూలిగింది. గడియ బయల్దేరింది. సగం దాకా వెళ్ళి నిలబడిపోయింది. మోటారు అలాగే మూలుగుతోంది. ఎర్ర లైటు వెలగలేదు. ఒక నిమిషం గడిచాక ఓవెన్ కీచుకీచుమని అరవడం మొదలెట్టింది. తెర మీద ‘ఎఫ్-9’.

ముగ్గురం దాని అరుపు వింటూ నిలబడ్డాం.

“గ్రేస్ చర్చికి వెళ్ళకముందు, అయిదున్నరలోపు నొక్కి ఉంటే గడియ పడేదండి,” అన్నాను. “రక్తం, ప్లాస్టిక్, లేబుళ్ళు అన్నీ మాడిపోయేవి. ఆరు దాటాకే నొక్కారు. ఎనిమిదింటికి ఆ అమ్మాయిలు వచ్చేసరికి ఇది అరుస్తోంది. ఆ మధ్యలో గ్రేస్ ఎక్కడుందో మీరే చెప్పండి.”

“చర్చిలో,” అన్నాడు. “నలభైమంది మధ్య. పాస్టరు గారిని నేనే అడిగాను.”

స్విచ్ ఆయనే కట్టేశాడు. నన్ను మెచ్చుకోలేదు, నేనూ అది ఆశించలేదు. ఈ ఇంట్లో ఉండేవాళ్ళెవరూ మోటార్లు తిరిగేటప్పుడు ఓవెన్ ముట్టుకోరు. ఊరు ఊరంతా అంతే, ఫ్యాను చప్పుడు వినే చెబుతారు. ఇది నొక్కింది ఊరివాడు కాదు. కానీ ఈ బటన్ ఏం చేస్తుందో ఎప్పుడో ఇక్కడ కూర్చుని చూసినవాడు. నొక్కి, మోటారు చప్పుడు విని, పని అయిపోతుందనుకుని నిమిషం కూడా ఆగకుండా వెళ్ళిపోయినవాడు.

“బాటిల్ ఎందుకు వదిలేశాడు? సంచీలో పట్టుకుపోవచ్చుగా?” అన్నాడు ఎస్సై.

అని, తనే కిటికీలోంచి గట్టు మీద సంచీలు విప్పి చూసే కాపలా పాక వైపు చూశాడు.

*

కాపలా పాకలో కాపలాదారు పెద్దింటయ్య పొయ్యి రాజేసుకుంటున్నాడు. ఎస్సైని చూసి లేచాడు. మోటార్ల హోరులో గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది.

శనివారం సాయంత్రం ఎవరెవరు బయటికి వెళ్ళారని ఎస్సై అడిగాడు. కేకులు పట్టుకెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ వాళ్ళంతా మధ్యాహ్నమే వెళ్ళిపోయారట. సాయంత్రం ఒక్కరే వెళ్ళారట. రూతమ్మ గారి మరిది.

“అయిదింటికేగా?”

“అప్పుడూ వెళ్ళారండి. కళ్ళజోడు మర్చిపోయానని మళ్ళీ వచ్చారు. నేను మోటారేసి వచ్చి కూర్చున్న చాలాసేపటికి అప్పుడు వెళ్ళారండి. సంచీ చూశాను. కేకు ముక్క ఉంది. నాకు సగం పెట్టారు.”

“ఈ సంగతి ఆదివారం నాకు చెప్పలేదేం?”

“గ్రేసమ్మ ఎప్పుడెళ్ళింది, ఎప్పుడొచ్చింది అని అడిగారండి. అది చెప్పాను.”

ఎస్సై మొహం చూడకుండా నేను చెరువు వైపు తిరిగాను. అది ఆయనకి నేను చేయగలిగిన మర్యాద.

జీపు దగ్గరికి నడుస్తూ ఆయన అడిగిన మాట నన్ను ఆపేసింది. శనివారం పడ్డ మందు ఎంత ఎక్కువైనా సోమవారం సాయంత్రానికి దిగిపోవాలి కదండీ అన్నాడు. వాళ్ళమ్మకీ సుగరే, ఆయనకి తెలుసు. రెండు రోజులుగా గ్లూకోజ్ ఎక్కుతుంటే సుగర్ ఇంకా ఎందుకు పడిపోతోంది?

నాకు రాజ్ కుమార్ మందుల షాపు గుర్తొచ్చింది. నర్సింగ్ హోముల్లో మందులు వాళ్ళివ్వరు. చీటీ రాసిస్తారు, మనవాళ్ళే బయట కొని తెచ్చి సిస్టర్ చేతికివ్వాలి.

పొద్దున సుందరరావు మాష్టారు నాకొక సెల్ నంబరు రాసిచ్చారు, హాస్పిటల్లో ఉంటాను, దీనికి చెయ్యమ్మా అని. గట్టు మీద సిగ్నల్ రెండు గీతలు చూపిస్తోంది. నొక్కాను. రెండో రింగుకి మాష్టారే పలికారు.

గ్రేస్‌కి భయం లేదని ముందు చెప్పాను. దేవునికి స్తోత్రం అన్నారు. ఆ తర్వాత అక్కడే ప్రార్థన మొదలెట్టారు. నేను ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

“మాష్టారూ, గ్లూకోజ్ బాటిళ్ళు ఎక్కడ కొంటున్నారు?”

“కొనడమా తల్లీ. శనివారం రాత్రి నుంచీ ఒక్కటి కూడా కొననివ్వలేదు రాజ్ కుమార్ బావ. అన్నీ ఆయన షాపు నుంచే. ఇప్పుడే ఇంకోటి తెచ్చి సిస్టర్‌కి ఇచ్చారు, పెడుతున్నారు... ఉండమ్మా, లోపలికి పిలుస్తున్నారు నన్ను.”

ఫోను చేతులు మారిన గరగర వినపడింది. మోటార్ల హోరుకి నేను రెండో చెవి మూసుకున్నాను. అప్పటికే ఎస్సై జీపులో వైర్‌లెస్ అందుకుని ఏలూరు స్టేషన్‌ని పిలుస్తున్నాడు. నా ఫోన్లో గరగర తప్ప ఏమీ రావడం లేదు.

“మాష్టారూ, వెళ్ళకండి, వినండి,” అన్నాను. గొంతు పెంచే అన్నాను. “ఆ బాటిల్ పెట్టనివ్వకండి. పెట్టేసి ఉంటే ట్యూబు లాగేయండి. పెట్టిన బాటిళ్ళేవీ పారేయనివ్వకండి. రాజ్ కుమార్ గారికి మాత్రం ఏమీ తెలియకూడదు.”

అటువైపు ఎవరో నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు.

“మాష్టారు లోపలికి వెళ్ళారండి,” అంది చాలా మర్యాదైన మగ గొంతు ఒకటి. “ఈ ఫోను నాదేనండి. మీరెవరు మాట్లాడుతున్నారు?”